ఎడమ ఫెండర్ ముట్టుకోను: నీలం కారు పాలిష్ డైరీ

జనవరి 3, శనివారం

బేస్‌మెంట్‌లో ట్యూబ్‌లైట్ కింద చూస్తే కారు బాగానే కనిపిస్తుంది. ఇవాళ పొద్దున బెంగళూరు హూడి దగ్గర టిఫిన్‌కి ఆగి, చేతిలో కాఫీ గ్లాసుతో ఎండలో నిలబడి ఉండగా బానెట్ మీద కన్ను పడింది. అందులో కనిపించే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వందల సన్నని గీతలు. డోర్ మీద చూసినా అదే, డిక్కీ మీద చూసినా అదే. 2015లో నాన్న అనంతపురంలో కొన్న ముదురు నీలం హ్యాచ్‌బ్యాక్ ఇది. 2021లో నాకిచ్చారు. ఇచ్చినప్పుడు దాని మీద రంగు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. రాత్రి పూట నల్లగా, ఎండలో నీలంగా ఉండేది. ఇప్పుడు ఎండలో బూడిద రంగు తెర వేసినట్టుంది.

గీతలు నిజానికి గుండ్రంగా ఉండవట. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగు ఒక్క చుక్క నుంచి వచ్చినప్పుడు, ఆ వెలుగుకి అడ్డంగా పడిన గీతలు మాత్రమే మెరుస్తాయి, మిగతావి కంటికి ఆనవు. అందుకే చుట్లు చుట్టినట్టు కనిపిస్తుంది. తోమి తోమి పాతబడిన స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టుకుని చూడండి, అచ్చం ఇదే.

ఎందుకొచ్చాయో ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. 2024 మార్చిలో నీళ్ల కరువు వచ్చినప్పుడు, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. తాగడానికే నీళ్లు లేనప్పుడు అది సరైన పనే. అప్పట్నుంచి మా అపార్ట్‌మెంట్‌లో పైపుతో కడగడం ఆగిపోయింది. కార్లు తుడిచే అబ్బాయి ఒక బకెట్ నీళ్లతో వరసగా అన్ని కార్లూ తుడుస్తాడు. ఈ ఊళ్లో ఎటు చూసినా కట్టడాలే, గాల్లో ఉండేదంతా సిమెంటు, ఇసుక దుమ్ము. ఆ దుమ్ము మీద తడిగుడ్డ లాగితే అది గరుకు కాగితంతో సమానం. రోజూ తుడిపించుకున్నాం కాబట్టి రోజూ గీయించుకున్నాం.

ఈ నెలలో నేనే పాలిష్ చేస్తాను. బయట ఇస్తే ఏ పద్ధతిలో చేస్తారో, ఎంత రుద్దుతారో మన చేతుల్లో ఉండదు. ఏది ఎందుకు ఎంచుకున్నానో ఈ డైరీలో రాసుకుంటూ పోతాను.

జనవరి 4, ఆదివారం

పాలిష్ కంటే ముందు కారు నిజంగా శుభ్రం కావాలి. వాడిన నీళ్లని శుద్ధి చేసి మళ్లీ వాడే నీళ్లు రెండు బకెట్లు వాచ్‌మన్‌ని అడిగి తెచ్చుకున్నాను. ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టాను. బ్రేకుల నుంచి రాలి పెయింటులో దిగిన ఇనుప రజనుకి అది తగలగానే ఊదా రంగు కారుతుంది. వాసన మాత్రం కుళ్లిన గుడ్డు వాసనే. చక్రాల వెనక డోర్ల కింది భాగమంతా ఊదా చారలే.

ఆ తర్వాత చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరాను. ఉత్త చేతికి నున్నగా తగిలేది కవరు తొడిగితే గరగరమంటుంది. పెయింటుకి అంటిన మురికిని లాగేసే క్లే ముద్దతో, తడి ఆరనివ్వకుండా, ఒక్కో భాగం తీసుకుని నెమ్మదిగా లాగాను. ముద్ద తెల్లగా మొదలై మట్టి రంగులోకి తిరిగింది. కింద పడితే ఆ ముక్క ఇక వాడకూడదు, ఇసుక అంటుకుంటుంది. నేను ఒక ముక్క అలాగే పారేశాను.

బోరు నీళ్ల మరకలు ఇంకో కథ. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో రెండు నిమిషాలు అద్ది కడిగేస్తే పైన పేరుకున్న సున్నం పోయింది. కొన్నిచోట్ల మరక పోయినా దాని అంచు మిగిలింది. అంటే అక్కడ పెయింటు కొంచెం తినేసింది. అవి పాలిష్‌కే లొంగాలి.

జనవరి 10, శనివారం

ఇవాళ్టి పని అసలు పని. పాత కార్లు చెక్ చేసే ఉద్యోగంలో ఉన్న స్నేహితుడు పెయింటు మందం కొలిచే గేజ్ ఒక్కరోజుకి ఇచ్చాడు.

గేజ్‌తో పాటు చిన్న ఇనుప బిళ్ల వస్తుంది, దాని మీద పెట్టి సున్నా చేసుకోవాలి. సున్నా చేశాక ఆ బిళ్ల మీద జిరాక్స్ పేపరు ఒకటి పరిచి కొలిచాను. 103 చూపించింది. మైక్రాన్లలో. అంటే మిల్లీమీటరులో పదోవంతు. కారు మీద ఫ్యాక్టరీలో వేసే పెయింటు మొత్తం, తుప్పు పట్టకుండా వేసే పొర, ప్రైమర్, రంగు, పైన రంగులేని క్లియర్ కోట్, అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే. అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50. మనం పాలిష్ చేసేదంతా ఆ పైపొరలోనే. ఒక కాగితంలో సగం మందం కూడా లేని పొరను అరగదీస్తూ గీతలు పోగొట్టాలి. కాగితాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

రంగుకి ఎండ తగలకుండా కాసేది కూడా ఆ పొరే. అతినీల కిరణాలను పీల్చుకునే పదార్థాలు అందులోనే ఉంటాయి. అది పల్చబడితే కొన్నేళ్లకి పెచ్చులు లేస్తుంది. లేచాక పాలిష్ ఏమీ చేయలేదు, రీపెయింట్ ఒక్కటే దారి.

ఒక్కో ప్యానెల్ మీద ఆరేడు చోట్ల కొలిచి నోటుబుక్కులో కారు బొమ్మ గీసి రాశాను. పైకప్పు 112 నుంచి 121. బానెట్ 104 నుంచి 115. కుడి ఫెండర్, అంటే ముందు చక్రం పైన ఉండే రేకు, 108 దగ్గర నిలకడగా ఉంది. కుడి వెనక డోర్ 270 నుంచి 310, దాని కింది అంచున ఏకంగా 600 దాటింది. అక్కడ సొట్ట తీసి లప్పం పెట్టి మళ్లీ పెయింటు వేశారన్నమాట. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి గేజ్ పలకదు.

తర్వాత ఎడమ ఫెండర్. 84, 81, 78. చక్రం పైన, హెడ్‌లైట్‌కి జానెడు దూరంలో, 71.

గేజ్ మళ్లీ సున్నా చేసి కొలిచాను. అదే. కుడి ఫెండర్ 108, ఎడమది 78. ఒకే రోజు ఒకే ఫ్యాక్టరీలో పెయింటు పడ్డ రెండు ముక్కల మధ్య 30 మైక్రాన్ల తేడా. ఆ 30 ఎక్కడి నుంచి పోయి ఉంటుంది? పైనుంచే. క్లియర్ కోట్ నుంచే.

నన్ను కదిలించిన విషయం ఏమిటంటే, ఈ కారు మొత్తం మీద అన్నిటికంటే అందంగా ఉన్నది ఆ ఎడమ ఫెండరే. మొన్న ఎండలో చూసినప్పుడు కూడా, మిగతా కారంతా ఆ ఫెండర్‌లా ఉంటే చాలనుకున్నాను.

జనవరి 12, సోమవారం రాత్రి

ఆఫీసు నుంచి వస్తూ పెయింటర్ అన్న షెడ్డు దగ్గర ఆగాను. ఆయనది మదనపల్లె వైపు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ టింకరింగ్, పెయింటింగ్ చేస్తున్నాడు. నోటుబుక్కు చూపించాను.

“ఈ డోరు లప్పం పెట్టిందే తమ్ముడూ, గేజ్ లేకున్నా చెప్తా” అని వేలితో తట్టి వినిపించాడు. పై భాగం టంగుమంది, కింద డబ్‌మంది. ఎడమ ఫెండర్ దగ్గరికొచ్చి, వంగి, సెల్లు టార్చి పక్కవాటంగా వేసి చూశాడు. “దీన్ని ఎవురో గట్టిగా రుద్దేసినారు. రోటరీ మిషన్‌తోనే. ఇంక దీనికి తడిగుడ్డ తప్ప ఏం తగలనీయబాకు.”

మిగతా కారుకి రోటరీ వాడమంటారా, డ్యూయల్ యాక్షన్ మిషన్ కొనమంటారా అని అడిగాను.

“రోటరీ నా చేతిలో ఉంటే గంటలో బానెట్ అద్దమైపోతాది. నీ చేతిలో అయితే అంచు దగ్గర ఒక్క క్షణం నిలబడితే చాలు, కాలిపోతాది. నువ్వు రెండోదే కొనుక్కో. నిదానంగా అవుతాది, అయినా నష్టం చెయ్యదు.”

తన చేతిపనికి ఎదురుమాటైనా దాచకుండా చెప్పాడు. అందుకే ఆయన దగ్గరికి వెళ్తాను.

రోటరీ ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది. బలమంతా, వేడంతా ఒకేచోట పడుతుంది. పెయింటుని ఎక్కువ కోస్తుంది, అంటే అరగదీస్తుంది, తొందరగా కోస్తుంది. డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది. ఆ ఊపు 8 మిల్లీమీటర్లు, 15, 21 అని మిషన్‌ని బట్టి ఉంటుంది. చేయి బరువు ఎక్కువైతే తిరగడం ఆపేసి ఊగుతూ ఉండిపోతుంది. కొత్తవాడికి ఆ ఆగడమే రక్షణ. 15 మిల్లీమీటర్లది ఆర్డర్ పెట్టాను. 21 పెద్ద ప్యానెళ్ల మీద వేగంగా పని చేస్తుంది కానీ నా చిన్న కారు డోర్ల మలుపుల మీద సరిగా తిరగదు.

సంక్రాంతి సెలవులు, అనంతపురం

నాన్నని ఎడమ ఫెండర్ గురించి అడిగాను. వెంటనే గుర్తొచ్చింది ఆయనకి.

“2018లో రా. సైకిలు హ్యాండిల్ గీరుకొని పోయింది. పాలిష్ అంగడికి తీస్కపోయి, గీత కనపడకుండా పోయేదాకా రుద్దమని నేనే నిలబడి రుద్దిచ్చినా. రెండు గంటలు రుద్దినారు.”

“మొత్తం పోయిందా నాన్నా?”

“మొత్తం పోయింది. కొత్త కారు మాదిరి అయ్యింది. పైన ఇంగో పొర ఉంటాదని, అది అరిగిపోతాదని నాకెవురూ చెప్పల్యా.”

నాన్న వారానికోసారి తనే కారు కడిగేవారు, డోర్ల సందులు పాత బనీనుతో తుడిచేవారు. కారు మీద ఇష్టంతోనే అలా చేయించారు. గీత ఎంత లోతుందో ఎవరూ చూడలేదు. గోరు దానికి అడ్డంగా లాగితే తట్టుకుంటోందంటే అది పాలిష్‌తో తీయాల్సిన గీత కాదు. దాన్ని తీయాలంటే చుట్టూ ఉన్న పెయింటుని ఆ లోతుకి దించాలి. ఇప్పుడు నా కారు మీద గోరు తట్టుకునే గీతలు మూడున్నాయి. ఆ మూడూ ఉంటాయి. అది ఇవాళే రాసిపెట్టుకుంటున్నాను, రేపు మిషన్ చేతిలో ఉన్నప్పుడు మనసు మారకుండా.

జనవరి 24, శనివారం

టెస్ట్ రోజు. బేస్‌మెంట్ ప్లగ్ వాడుకోవడానికి అసోసియేషన్ వాళ్ల దగ్గర అనుమతి తీసుకున్నాను. ఎస్‌పీ రోడ్డుకి వెళ్లి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు, ఎలక్ట్రానిక్స్ సామాన్ల అంగట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాను. డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులకి ఇది ఒక వంతు కలిపి స్ప్రే సీసాలో పోశాను. ఇది ఎందుకో కింద చెప్తాను.

బానెట్ మీద మాస్కింగ్ టేపుతో నాలుగు గళ్లు చేశాను, ఒక్కోటి అడుగున్నర. మెత్తటి దానితో మొదలుపెట్టి గట్టిదానికి వెళ్లాలి. ముందే గట్టిదానితో మొదలుపెడితే, తక్కువతో సరిపోయేదేమో ఎప్పటికీ తెలియదు.

మొదటి గడిలో మెత్తటి ఫినిషింగ్ ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్. నాలుగు సార్లు అడ్డం, నిలువు తిప్పాను. తుడిచి చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. గీతల్లేవు! ఇంత తేలికా అనుకున్నాను. అప్పుడు ఆల్కహాల్ నీళ్లు కొట్టి తుడిచాను. సగం గీతలు తిరిగొచ్చాయి. పాలిష్‌లో ఉండే నూనెలు గీతల్లో నిండి వాటిని కప్పేస్తాయి. రెండు వానలు పడితే ఆ నూనె పోతుంది, గీతలు బయటపడతాయి. రెండేళ్ల కిందట ఒకచోట డబ్బులిచ్చి చేయించిన పాలిష్ నెలలోపే ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైంది. స్ప్రే సీసా అందుకే. దానితో తుడవకముందు ఏ గడినీ నమ్మకూడదు.

రెండో గడిలో మధ్యరకం ఫోమ్ ప్యాడ్, ఒకే విడతలో కోసి మెరుపూ ఇచ్చే పాలిష్. ఆల్కహాల్‌తో తుడిచాక కూడా గీతలు చాలావరకు లేవు. నా అంచనాలో నాలుగింట మూడొంతులు పోయాయి. లోతైనవి అక్కడక్కడా వెంట్రుకల్లా మిగిలాయి.

మూడో గడిలో మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్, హెవీ కాంపౌండ్, అంటే గరుకు పాలిష్. గీతలు దాదాపు అన్నీ పోయాయి. కానీ టార్చి కింద పాల తెరలాంటి మసక మిగిలింది. దాన్ని పోగొట్టాలంటే రెండో విడత తప్పదు. అంటే ఇదే చోటు రెండుసార్లు అరుగుతుంది.

నాలుగో గడి పెయింటర్ అన్నది. మధ్యాహ్నం భోంచేసి వస్తూ తన రోటరీ, ఊలు ప్యాడ్ తెచ్చాడు. ఒక్క నిమిషం. అంతే. చెయ్యి మిషన్ మీద బరువు వేసినట్టే అనిపించలేదు, వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకుని, అలా నిమురుతున్నట్టు లాగాడు. గీత ఒక్కటి లేదు. తర్వాత కారుని బయటికి తీసి ఎండలో చూశాం. ఆ గడిలో మాత్రం తోకల్లాంటి చారలు, తల కదిపితే అవీ కదులుతున్నాయి. హోలోగ్రామ్‌లు అంటారు. “దీని మీద ఇంగో కోటు మెత్త ప్యాడ్ కొట్టాల” అన్నాడు ఆయనే.

సాయంత్రం నాలుగు గళ్ల ముందు నిలబడి తేల్చుకున్నాను. రెండో గడి. ఒకే విడత, మధ్యరకం ఫోమ్, డ్యూయల్ యాక్షన్. అందంలో మూడో గడి ముందుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ కారుని ఇంకో ఎనిమిది పదేళ్లు నడపాలనుకుంటున్నాను. ఆ మధ్యలో ఇంకో రెండుసార్లయినా పాలిష్ అవసరం పడుతుంది. దానికి క్లియర్ కోట్ ఇప్పుడే దాచిపెట్టాలి. 108 మైక్రాన్లున్న చోటు నుంచి ఎంత తీసినా తిరిగి పోయలేం.

జనవరి 25, 26

రెండు రోజులూ ఇదే పని. 26 సెలవు కావడం కలిసొచ్చింది.

మొదట టేపు. ఫెండర్ అంచులు, డోర్ల మీద పొడుగ్గా వెళ్లే మడత గీతలు, బానెట్ కొన. అంచుల మీద పెయింటు పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. నల్ల ప్లాస్టిక్ బీడింగులకీ టేపు వేయాలి, పాలిష్ అంటితే తెల్లగా మచ్చపడి ఓ పట్టాన వదలదు. ఎడమ ఫెండర్ మొత్తానికి పాత దినపత్రిక కప్పి చుట్టూ టేపు వేశాను. పొరపాటున కూడా మిషన్ తగలకూడదు.

ప్యాడ్ వెనక ప్లేటు మీద మార్కర్‌తో నల్ల గీత ఒకటి గీశాను. మిషన్ నడుస్తుంటే ఆ గీత తిరగడం కంటికి కనిపించాలి. కనిపించకుండా ఊగుతూ ఉండిపోతే ప్యాడ్ ఆగిపోయిందని, పని జరగడం లేదని అర్థం. పైకప్పు మీద మొదటి అరగంట అదే జరిగింది. గట్టిగా నొక్కితే తొందరగా పోతాయని నొక్కాను, గీత నిలిచిపోయింది. చెయ్యి వదులు చేసి మిషన్ బరువుకే వదిలేస్తే మళ్లీ తిరిగింది. మలుపుల మీద ప్యాడ్ పరుపులా సమంగా ఆనేలా మణికట్టు వంచుతూ పోవాలి. ఇది రాస్తే అర్థం కాదు, రెండు ప్యానెళ్లు అయ్యాక చేతికే తెలుస్తుంది.

కొత్త ప్యాడ్‌కి మొదటిసారి పాలిష్ పల్చగా అంతటా పట్టించాలి. తర్వాత ప్రతి విడతకీ శనగగింజంత నాలుగు చుక్కలు చాలు. సెకనుకి అంగుళం చొప్పున నడపాలి. అంత నెమ్మదిగా చేయడం ఎంత కష్టమో చేస్తేనే తెలుస్తుంది, చెయ్యి దానంతటదే పరిగెత్తుతుంది. నేను లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ లాగాను. ప్రతి రెండు విడతలకీ ప్యాడ్‌ని బ్రష్‌తో దులిపాను. డోరుకొక ప్యాడ్ మార్చాను. చెమ్మగిలి, వేడెక్కిన ప్యాడ్ కోయదు, ఊరికే పూస్తుంది.

కుడి వెనక డోర్ నన్ను ఆశ్చర్యపరిచింది. రీపెయింట్ క్లియర్ కోట్ మెత్తగా ఉంది. బానెట్ మీద బాగా పని చేసిన ప్యాడే ఇక్కడ సన్నని మసక వదిలింది. ఆ ఒక్క డోర్‌కి మళ్లీ చిన్న టెస్ట్ పెట్టుకుని, ఫినిషింగ్ ప్యాడ్‌తో, తక్కువ స్పీడులో చేస్తే తేటగా వచ్చింది. ఒక కారుకి ఒక పద్ధతి అనుకోవడం కుదరదు, ఒక్కో ప్యానెల్ చరిత్ర ఒక్కో రకం.

పైకప్పు మీద పక్షి రెట్ట మచ్చ ఒకటి కొంచెం తగ్గి ఆగిపోయింది. ఎండకి క్లియర్ కోట్ మెత్తబడినప్పుడు ఎండిన రెట్ట చుట్టూ అది అచ్చు పడిపోతుంది. అచ్చు లోతుగా ఉంది. ఇంకో రెండు విడతలు కొడితే పోతుందేమోనని చెయ్యి లాగింది. నాన్న చెప్పిన రెండు గంటలు గుర్తొచ్చి మిషన్ ఆపేశాను.

చివర్లో అంతటా ఆల్కహాల్‌తో తుడిచి, పెయింటుని కాపాడే సీలెంట్ పూశాను. ఎడమ ఫెండర్ కాగితం విప్పి దానికి చేత్తో, ఏ రాపిడీ లేని సీలెంట్ మాత్రమే రాశాను. ప్యాడ్లు గోరువెచ్చటి నీళ్లలో ఉతికి బాల్కనీలో ఫోమ్ కిందికి ఉండేలా ఆరేశాను. తిరగేసి పెడితే నీళ్లు వెల్క్రో జిగురులోకి దిగి ఊడిపోతుంది.

27వ తారీఖు పొద్దున ఆఫీసుకి వెళ్తూ మారతహళ్లి సిగ్నల్ దగ్గర ఎండ నేరుగా బానెట్ మీద పడింది. సూర్యుడు ఒక్క ముద్దగా, చుట్టూ ఏ గూడూ లేకుండా కనిపించాడు. రంగు నీలంగా ఉంది. ఫోటో తీసి నాన్నకి పంపాను. “ఎడమ పక్క ఏం చేసినావు?” అని అడిగారు. ముట్టుకోలేదని చెప్పాను. “మంచి పని చేసినావు” అన్నారు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇంత చేసి మళ్లీ అదే గుడ్డ తగిలితే ఆర్నెల్లలో మొదటికొస్తుంది. కార్లు తుడిచే అబ్బాయితో మొన్న గురువారం మాట్లాడాను. అతనిది రాయచూరు దగ్గర పల్లె, తెలుగు వచ్చు.

“రోజూ తుడవకపోతే సూపర్‌వైజర్ తిడతాడన్నా. పని ఎగ్గొట్టినానంటాడు.”

అది నిజమే. అతని తప్పేమీ లేదు, ఒక బకెట్ ఇచ్చి అన్ని కార్లూ మెరవాలంటే ఎవరైనా అలాగే తుడుస్తారు. ఇద్దరం వెళ్లి సూపర్‌వైజర్‌తో చెప్పాం. జీతంలో మార్పు లేదు. రోజూ అద్దాలు, లైట్లు మాత్రమే తుడవాలి. బాడీ వారానికి ఒక్కసారి, రెండు బకెట్లతో, నేనిచ్చిన మైక్రోఫైబర్ గుడ్డలతో. ఆరు గుడ్డలు, ఒక మూత ఉన్న డబ్బా ఇచ్చాను. కింద పడిన గుడ్డ మళ్లీ వాడొద్దని చెబితే, “తెలుసన్నా, ఇసుక అంటుకుంటది” అన్నాడు.

ఇవాళ పొద్దున కిందికి వెళ్లి చూశాను. అద్దాలు తళతళలాడుతున్నాయి. బానెట్ మీద మూడు రోజుల దుమ్ము వేలు కూడా తగలకుండా అలాగే ఉంది.